బందరు తీరం: విహారమూ, ఇబ్రతూ

మన కోస్తా ప్రజలు మచిలీపట్నాన్ని ఈనాటికీ బందరు అనే పిలుస్తారు. బెజవాడ బస్టాండులో వినవచ్చే కేక "బందరు, బందరు" అనే గాని మచిలీపట్నం అని కాదు. లడ్డుకు బందరు లడ్డు అనీ, కాలువకు బందరు కాలువ అనీ, బెజవాడ నడిబొడ్డున సాగే రోడ్డుకు బందరు రోడ్డు అనీ పేర్లు స్థిరపడిపోయాయి. ఈ మాట పారశీకం. బందర్ అంటే ఓడరేవు. ఇరాను దక్షిణ తీరాన గల బందర్ అబ్బాసులో ఉన్నదీ ఈ మాటే. ఖండాంతరాల ఓడలు రావడం మానివేసి ఎంతో కాలమైనా, ఊరు మాత్రం తన వృత్తిని పేరులో దాచుకొని ఉన్నది.

ఊరి అసలు పేరును గురించి కూడ ఒక మాట చెప్పుకోవాలి. మచిలీ అంటే ఉర్దూలో చేప కాబట్టి ఇది చేపల పట్నమని జనంలో ఒక వివరణ ఉన్నది. కాని క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి గ్రీకు గ్రంథాలలోనే ఈ తీరానికి మసాలియా, మైసోలియా అనే పేర్లు కనిపిస్తాయి. ఉర్దూ భాష పుట్టకముందే ఆ పేర్లున్నాయి గనుక చేప కథను వేడుకగా చెప్పుకోవలసిందే గాని చరిత్రగా స్వీకరించడం కష్టం.

నేడు బందరు వెళ్ళడమంటే చాలామందికి మంగినపూడి బీచికి వెళ్ళడమే. బెజవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో బందరు, అక్కడికి మరో పదకొండు కిలోమీటర్లలో మంగినపూడి. నీటి లోతు తక్కువ, ఒడ్డు విశాలం. ఆదివారాలలో కుటుంబాలు అన్నం మూటలతో వస్తాయి. కార్తీక, మాఘ పౌర్ణములకు వేలాది హిందూ సోదరులు సముద్రస్నానానికి వస్తారు. మిగిలిన రోజులలో తీరం నిశ్శబ్దం. పట్టణం కూడ తొందర ఎరుగని పట్టణమే. ఈ నెమ్మదిని కోరియే పట్నవాసులు అక్కడికి వెళతారు. అందులో తప్పేమీ లేదు. అయితే, ఒకప్పుడు బంగాళాఖాతంలో ఇంతటి రద్దీగల రేవు మరొకటి లేదని యాత్రికులు రాసిన చోటికి ఈ నెమ్మది ఎలా వచ్చింది? ఈ వ్యాసంలో మనం విచారించవలసిన ప్రశ్న ఇదే.

అరబ్బీలో ఇబ్రత్ అనే మాట ఉన్నది. మనం దానిని గుణపాఠమని అనువదిస్తాం. కాని ఆ మాట మూలధాతువుకు దాటడం అని అర్థం. ఏరు దాటడాన్ని ఉబూర్ అంటారు. కంటికి కనిపించేదాని నుండి కనిపించనిదానికి దాటడమే ఇబ్రత్. ట్యూనిసు నగరంలో 1332లో జన్మించిన ఇబ్నె ఖల్దూన్ తన మహాచరిత్రకు కితాబుల్ ఇబర్ అని పేరు పెట్టడంలోని ఆంతర్యం కూడ ఇదే. భూమిపై సంచరించి పూర్వజనుల పర్యవసానాన్ని గమనించవలసిందిగా ఖుర్ఆన్ పలుచోట్ల మానవులను పిలుస్తుంది. అటువంటప్పుడు విహారయాత్ర కూడ ఆ సంచారంలో భాగం కాగలదు. కాగలదా లేదా అన్నది యాత్రికుని చూపుపై ఆధారపడి ఉంటుంది.

సాహిల్: మధ్యధరా తీరం నుండి ఒక పోలిక

సముద్రతీరానికి విశ్రాంతికోసం పోవడం అనేది ప్రపంచ చరిత్రలో ప్రాచీనమైన అలవాటు కాదు. రోమను సంపన్నులు సముద్రతీరాన భవనాలు కట్టుకొన్న మాట నిజమే. కాని ఆ అలవాటు వారితోనే అంతరించింది. మధ్యధరా సముద్రపు ఫ్రెంచి తీరానికి ఇంగ్లండు నుండి రోగులూ, ధనికులూ చలికాలం గడపడానికి రావడం పద్దెనిమిదవ శతాబ్దిలో మొదలయింది. రైళ్ళు వచ్చిన తరువాత పందొమ్మిదవ శతాబ్దిలో అది ఒక పరిశ్రమగా మారింది. అంతకు పూర్వం తీరవాసికి సముద్రమంటే జీవనాధారం, ప్రయాణమార్గం, భయకారణం కూడ. సేద తీరవలసినవారు తోటలకు, ఏటిగట్లకు వెళ్ళేవారు.

అదే మధ్యధరా సముద్రపు దక్షిణపుటొడ్డున ట్యునీషియా దేశం ఉన్నది. దాని తూర్పు తీరభాగాన్ని సాహిల్ అంటారు. సాహిల్ అంటే అరబ్బీలో సముద్రపుటొడ్డు. దాని బహువచనమైన సవాహిల్ నుండే తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషకు పేరు వచ్చింది. ఈ సాహిల్ ప్రాంతపు మొనస్తీరు పట్టణంలో హిజ్రీ 180లో, అనగా క్రీ.శ. 796లో, ఒక రిబాతు నిర్మింపబడింది. రిబాతు అంటే కోటవంటి కావలి మందిరం. సముద్రం మీదుగా వచ్చే దాడులను కనిపెట్టి ఉండడానికి, ఆ కావలిని ఆరాధనగా భావించి కొంతకాలం అక్కడ గడపడానికి జనం వచ్చేవారు. పగలు సముద్రంపై చూపు, రాత్రి నమాజు. నేడు అదే మొనస్తీరుకు ఐరోపావాసులు ఎండ కాగడానికి వస్తారు. తీరం ఒక్కటే, వచ్చేవారి ఉద్దేశమే మారింది.

మొనస్తీరుకు దక్షిణాన మహ్దియా ఉన్నది. ఇది సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఇరుకైన భూభాగంపై కట్టిన పట్టణం. ఫాతిమీ వంశ స్థాపకుడైన అల్ మహ్దీ దీని నిర్మాణాన్ని 916లో ప్రారంభించి, హిజ్రీ 308లో, అనగా 921లో, రాజధానిని ఇక్కడికి మార్చాడు. రాతిని తొలిచి ఓడలకు మడుగు చేయించాడు. ఈజిప్టును జయించి కైరో నగరాన్ని నిర్మించిన ఫాతిమీల ప్రస్థానం ఈ గడ్డ నుండియే సాగింది. 1087లో జెనోవా, పీసా నగరాల నౌకాదళం ఈ పట్టణాన్ని దోచుకొన్నది. 1148లో సిసిలీ నార్మనులు పట్టుకొన్నారు, 1160లో అల్ మువహ్హిదులు విడిపించారు. 1550లో స్పెయిను సైన్యం ఆక్రమించి, 1554లో విడిచిపోతూ కోటగోడలను మందుగుండుతో పేల్చివేసింది. తరువాత మహ్దియా చేపల రేవుగా, పట్టు నేసే సాలెల ఊరుగా బ్రతికింది. నేడు అది ప్రశాంతమైన సముద్రతీర విహారస్థలం. తెల్లని ఇసుక, నీలి నీరు, నెమ్మదైన వీధులు, ఫాతిమీల నాటి మడుగులో చిన్న పడవలు. భూశిరం చివరన, అలల అంచునే, ఒక శ్మశానవాటిక. విహారానికి వచ్చినవారు ఆ సమాధుల ప్రక్కగానే సముద్రపుటొడ్డుకు నడుస్తారు.

ఈ పోలికను మనం ఒక్క కారణంగా తీసుకొన్నాము. మహ్దియాకు వెళ్ళిన యాత్రికునికి పగిలిన గోడ, మిగిలిన సింహద్వారం, రాతిలోని రేవు ఎదురుగా నిలబడి తమ కథను చెబుతాయి. బందరులో అటువంటి రాతి సాక్ష్యం బహు స్వల్పం. ఇక్కడి ఇళ్ళు కర్రవి, నేల బురద, రేవు అంటే తీరానికి దూరంగా ఓడలు లంగరు దించే నీటిపట్టు మాత్రమే. అందుచేత బందరు ప్రశాంతతను చూచి, ఇక్కడ ఎన్నడూ ఏమీ జరుగలేదని భ్రమపడడం తేలిక.

మౌసిమ్: ఓడలు వచ్చే కాలం

గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో, ముఖ్యంగా పదహారవ శతాబ్ది చివరి నుండి, మచిలీపట్నం వారి ముఖ్య రేవు. డచ్చివారు 1605-06లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. మన పాఠ్యపుస్తకాలలో బందరు చరిత్ర సాధారణంగా ఈ మూడు తేదీలతోనే మొదలవుతుంది. కాని ఐరోపావారు ఒక రేవును కనిపెట్టలేదు, నడుస్తున్న రేవుకు వచ్చి చేరారు. ఇరానీ వర్తకులు, ఆర్మీనియనులు, తెలుగు కోమట్లు, చోళమండల తీరపు ముస్లిం ఓడయజమానులు వారికి ముందే ఇక్కడ ఉన్నారు.

1618 నుండి 1622 వరకు ఇక్కడి ఇంగ్లీషు స్థావరానికి అధిపతిగా ఉన్న విలియం మెత్‌వోల్డ్ ఈ ఊరిని వర్ణించాడు. ఇది ప్రాకారం లేని ఊరనీ, జనం ఎక్కువ గాని కట్టడాలు మంచివి కావనీ, నీళ్ళు ఉప్పన అనీ, మొదట చేపలపల్లెగా ఉన్నదే ఓడలు నిలవడానికి అనువుగా ఉన్నందున వర్తకుల నివాసమైనదనీ అతని కథనం. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1652లో బందర్ అబ్బాసు నుండి గోలకొండ సుల్తాను ఓడ ఎక్కి ఇక్కడ దిగాడు. ఒక బందరు నుండి మరొక బందరుకు వచ్చాడన్నమాట. ఇళ్ళన్నీ కర్రవేనని అతడూ రాశాడు. కాని బంగాళాఖాతంలో ఓడలు నిలవడానికి ఇంతకంటె మంచి చోటు లేదనీ, పెగూ, సయాం, అరకాన్, బెంగాలు, సుమత్రా మొదలుకొని మక్కా, హోర్ముజ్‌ల దాకా ఇక్కడి నుండి ఓడలు పోతాయనీ చెప్పాడు.

ఊరు పేదగా కనిపించడం, రేవు ప్రపంచాన్నంతటినీ కలపడం, ఈ రెండూ ఒకేసారి నిజం. వైభవమంటే పాలరాతి మేడలే అనుకొనేవారికి ఈ విషయం బోధపడదు.

ఓడల రాకపోకలను గాలి నిర్ణయించేది. అరబ్బీలో నిర్ణీత కాలాన్ని, సంతను, ఉత్సవకాలాన్ని మౌసిమ్ అంటారు. అరబ్బు నావికులు ఓడలు కదిలే కాలానికి ఈ మాటను వాడగా, పోర్చుగీసు నోట పడి, ఇంగ్లీషులో మాన్సూను అయింది. ఉర్దూలో వాతావరణానికి మౌసమ్ అనడం కూడ ఈ మాట నుండి వచ్చినదే. విహారస్థలాల వర్తకులు నేడు సీజను అనే మాటను వాడుతున్న తీరుకూ దీనికీ తేడా లేదు. ఆనాటి బందరు సీజను జనవరిలో మొదలయ్యేది. ఎర్రసముద్రంలోని మోఖా రేవుకు ఓడ ఆ నెలలో బయలుదేరి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో తిరిగి వచ్చేదని మెత్‌వోల్డ్ తెలుపుతున్నాడు. పెద్ద ఓడలు తీరానికి దూరంగా నిలిచేవి. కొబ్బరిపీచు తాళ్ళతో పలకలను కుట్టిన పడవలు మనుషులనూ మూటలనూ అలలపై నుండి చేరవేసేవి. మేకులతో బిగించిన పడవ అలల తాకిడికి పగులుతుంది గాని కుట్టుపడవ ఒంగి నిలబడుతుంది.

ఆ ఓడలలో ఏముండేవి? మొదటిది బట్ట. కలం అంటే లేఖిని, కారీ అంటే పని. ఈ రెండు పారశీక పదాల కలయికయే కలంకారీ. బందరు అద్దకం ఇరాను ఇళ్ళలో తెరలుగా, పరుపులుగా, సుఫ్రాలుగా పరచుకొన్నది. ఇరానీల అభిరుచికి తగిన పూలు, లతలు, మిహ్రాబు ఆకారాలు మన పనివారి అచ్చులలోకి ప్రవేశించి నేటికీ నిలిచి ఉన్నాయి. రెండవది, మన దృష్టిలో అంతకంటె గమనింపదగినది, బియ్యం. మక్కా, మదీనాలకు వచ్చే హాజీలకు దానంగా పంచడానికి గోలకొండ సుల్తాను ఏటేటా ఈ ఓడలో బియ్యం పంపేవాడని మెత్‌వోల్డ్ రాశాడు. హిజాజ్ బంజరు నేల. యాత్రాకాలంలో అక్కడి వారికి, యాత్రికులకు ఆహారం బయటి నుండి రావలసిందే. మన తెలుగు రైతు పండించిన గింజ, అతని కులమేదైనా మతమేదైనా, అరఫాత్ మైదానాన నిలిచిన ఏ దేశపు పేదవాని ఆకలినో తీర్చి ఉంటుంది. అదే ఓడలో హాజీలూ వెళ్ళేవారు. దక్కను ముస్లిములకు సూరతు వలెనే బందరు కూడ హజ్‌కు ద్వారమే. ఆ కాలంలో బందరుకు వచ్చినవారిలో ఎందరో ఊరిని చూడడానికి గాక, ఊరిని విడిచి సముద్రమెక్కడానికి వచ్చినవారే.

సముద్రాన్ని చూడవచ్చిన సుల్తానులు

కేవలం సముద్రాన్ని, రేవునూ చూడడానికే వచ్చినవారు లేకపోలేదు. వారిలో ముఖ్యులు సుల్తానులే. అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో పరివారంతో గోలకొండ నుండి తీరానికి పర్యటన చేశాడు. అతని పరిపాలనను గురించిన సమకాలిక పారశీక చరిత్ర నిజాముద్దీన్ అహ్మద్ రచించిన హదీఖతుస్సలాతీన్. నేటి రోడ్డు లెక్కన హైదరాబాదు నుండి బందరు సుమారు 340 కిలోమీటర్లు. పూణె నుండి బయలుదేరే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, బెజవాడల మీదుగా నేడు బందరులోనే ముగుస్తుంది. అంటే రాజధానినీ రేవునూ కలిపిన ఆనాటి వర్తక దిశ నేటికీ చెరిగిపోలేదు.

ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానాషా కూడ 1670 దశకంలో బందరుకు వచ్చి ఐరోపావారి స్థావరాలను చూశాడు. ఆ దారిలోనే కూచిపూడి బ్రాహ్మణుల నాట్యాన్ని చూచి మెచ్చి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతున్నది. కూచిపూడి బందరుకు ఎంతో దూరం లేదు. ఒక ముస్లిం పాలకుడు సముద్రాన్ని చూడబోతూ ఒక వైష్ణవ నాట్యకళకు నీడనిచ్చాడనే జ్ఞాపకాన్ని ఆ కళాకారుల కుటుంబాలే తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చాయి. ఈ విషయాన్ని మనం గౌరవంతో గుర్తుంచుకోవాలి.

అనువాద వృత్తిలో ఉన్నవారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే వ్యక్తి మరొకరున్నారు. డేనియల్ హవార్ట్ అనే డచ్చి ఉద్యోగి 1670, 1680 దశకాలలో ఈ తీరంలో కంపెనీ కొలువులో ఉండి పారశీకం నేర్చుకొన్నాడు. స్వదేశం చేరిన తరువాత షేఖ్ సాదీ షీరాజీ బూస్తాన్‌ను డచ్చి భాషలోకి అనువదించి 1688లో ప్రకటించాడు. చోళమండల తీరంలో డచ్చివారి ఉత్థాన పతనాలను గురించిన అతని గ్రంథం 1693లో వెలువడింది. మిరియాల తూకం, బట్టల బేరంకోసం నేర్చిన భాష అతణ్ణి సాదీ వద్దకు చేర్చింది. షీరాజ్ తోట నుండి ఆమ్‌స్టర్‌డామ్‌కు పోయిన దారి మన కృష్ణా తీరం మీదుగా పోయిందంటే, రేవు సరుకులనే గాక గ్రంథాలను కూడ దాటించిందన్నమాట.

పొగడ్తకు అవతల

ఇంతవరకు చెప్పినది విని, కుతుబ్‌షాహీ బందరు ఒక స్వర్ణయుగమని ఎవరైనా భావించవచ్చు. మన పత్రికలలో అటువంటి రచనలు తరచు వస్తుంటాయి. చరిత్రకు అది న్యాయం కాదు. రేవు అధికారం ఇజారాకు ఇవ్వబడేది. ఎక్కువ మొత్తం పాడుకొన్నవాడు ఏడాదిపాటు హవల్దారు. పాడుకొన్న సొమ్మును ప్రజల నుండి పిండవలసిందే. చెల్లించలేకపోతే శిక్ష తప్పదు. 1614లో బకాయి పడిన మచిలీపట్నం అధికారి ఒకరిని బెత్తాలతో కొట్టగా ప్రాణం పోయినట్లు మెత్‌వోల్డ్ రాశాడు. ఇరానులోని అర్దిస్తాన్ నుండి వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, ఇక్కడ హవల్దారుగా పనిచేసిన మీర్ జుమ్లా సొంత ఓడలతో, సొంత సైన్యంతో చివరకు తన సుల్తానునే విడిచి మొగలుల పక్షం చేరాడు. హాజీలకు బియ్యం పంపిన చేతులూ, రైతునూ సాలెనూ పీడించిన చేతులూ ఒకే రాజ్యానివి. ఒకటి చెప్పి రెండవది దాచినవాడు చరిత్ర రాసినట్లు కాదు. అలాగే రెండవది మాత్రమే చెప్పి మొదటిదాన్ని దాచినవాడూ చరిత్రకారుడు కాడు.

నిశ్శబ్దం ఎలా వచ్చింది

బందరు ఒక్కనాడు కూలిపోలేదు. ఇంగ్లీషువారు 1639-40లో మద్రాసులో కోట కట్టుకొని తమ వర్తకాన్ని క్రమంగా అటు మళ్ళించుకొన్నారు. హిజ్రీ 1098లో, అనగా 1687లో, ఔరంగజేబు గోలకొండను జయించడంతో రేవుకు వెన్నుదన్నుగా ఉన్న రాజధాని పోయింది. వజ్రాలు కొనే దర్బారు లేదు, హజ్ ఓడకు బియ్యం పంపే సుల్తాను లేడు. 1750లో ఫ్రెంచివారు, 1759 ఏప్రిల్‌లో కర్నలు ఫోర్డు నాయకత్వాన ఇంగ్లీషువారు కోటను పట్టుకొన్నారు. పందొమ్మిదవ శతాబ్దిలో మాంచెస్టరు మిల్లుబట్ట మన నేత నడుము విరిచింది. అయినా పారశీక సింధుశాఖ రేవులకు బందరు అద్దకం ఆ శతాబ్దంలో కూడ కొంత వెళుతూనే ఉండేది. సామ్రాజ్యాలు పోయినా కొనుగోలుదారుకూ పనివానికీ మధ్య ఏర్పడిన రుచి అంత త్వరగా పోదు.

చివరి దెబ్బ సముద్రం నుండియే వచ్చింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానులో ఉప్పెన పట్టణాన్ని ముంచి, అనేక మైళ్ళ దూరం లోపలి గ్రామాలపై పడింది. సుమారు 30,000 మంది మరణించారు. అప్పటికి పదేళ్ళ క్రిందటనే, 1855లో, బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయి, కాలువలు డెల్టాను సస్యశ్యామలం చేయడం ప్రారంభించాయి. నదిని లొంగదీసిన పదేళ్ళకే సముద్రం తన బలం చూపింది. ఉప్పెన తరువాత కోటలోని సైన్యాన్ని ఉపసంహరించారు. ఇక డెల్టా సంపద సముద్రం వైపు గాక ఎగువకు చూచింది. కాలువలు, తరువాత రైళ్ళు, బెజవాడను కూడలిగా చేశాయి. రైలు బందరుకు 1908లో వచ్చింది గాని అది దారి మధ్య స్టేషను కాలేదు, చిట్టచివరి స్టేషను అయింది. ఏ దారి అయినా చివర ముగిసే ఊరిలో రద్దీ ఉండదు. నేడు మనం ప్రశాంతత అని పిలుచుకొంటున్నది ఇదే. దాని క్రింద తరలిపోయిన వర్తకం, పూడిన రేవు, ముప్పైవేల మృతులు ఉన్నారు.

సముద్రం ఆ మాటను మరల మరల గుర్తుచేసింది. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చి వేలాదిమందిని తీసుకుపోయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అల మన తీరాన్ని కూడ తాకింది. మొనస్తీరు రిబాతులో కావలివారు సముద్రాన్ని చూచిన చూపు వేరు, నేటి విహారి చూచే చూపు వేరు. మన తీరానికి ఆ మొదటి చూపు కూడ అవసరమే.

యాత్రికుడు చూడదగినవి

బందరులో కోట గోడలు తక్కువే గాని పేర్లు మిగిలాయి. వలందపాలెం అంటే హాలండువారి పాలెం. పరాసుపేట అంటే ఫరాసులు, అనగా ఫ్రెంచివారు, ఉన్న పేట. ఇంగిలీషుపాలెం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రిక్షావానికీ, పాలవానికీ నోట నానిన ఈ పేర్లు శాసనాలకు తీసిపోవు. డచ్చివారి శ్మశానవాటిక భారత పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది. చెక్కడపు పనిగల రాతిపలకలపై పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాల నాటి పేర్లు చదవవచ్చు. మహ్దియాలో సముద్రపుటొడ్డు సమాధులు స్థానికులవి, బందరులో రాతిపై పేరు మిగిలినవారు పరదేశీయులు. కుట్టుపడవలు నడిపినవారు, అచ్చులు చెక్కినవారు, 1864లో కొట్టుకుపోయినవారు ఏ రాతిపైనా లేరు. వారిని చూడదలచినవారు ప్రక్కనే ఉన్న పెడనకు వెళ్ళాలి. అక్కడ నేటికీ కర్ర అచ్చులతో, కరక్కాయ, మంజిష్ఠ వంటి ద్రవ్యాలతో అద్దకం చేస్తున్నారు. ఆ పనివాని చేయి కదిలే తీరులో ఉన్నంత చరిత్ర ఏ మ్యూజియంలోనూ దొరకదు.

ఇప్పుడు తీరం మరల మారుతున్నది. 2022లో పాత కృష్ణా జిల్లా రెండుగా చీలి, బెజవాడ వేరు జిల్లాకు కేంద్రమయింది. మచిలీపట్నం తన జిల్లాకు కేంద్రంగా నిలిచింది. 2023 మే నెలలో మంగినపూడి ప్రాంతంలోనే లోతైన కొత్త ఓడరేవుకు పనులు ప్రారంభమయ్యాయి. మరొక ప్రక్క అదే బీచిని విహారస్థలంగా అభివృద్ధి చేయాలనే ప్రయత్నమూ జరుగుతున్నది. ఒకే తీరాన్ని కొందరు మరల బందరుగా, కొందరు విహారభూమిగా చూస్తున్నారు. రెండూ మంచికే కావచ్చు. కాని రెండింటిలోనూ తీరవాసికి చోటుండాలి. వల ఎండబెట్టుకొనేవాని ఇసుక, పడవ నిలుపుకొనేవాని మడుగు, అచ్చు కడుక్కొనేవాని మంచినీటి కాలువ, ఈ మూడూ పోతే రేవు వచ్చినా, విహారులు వచ్చినా, ఊరు మాత్రం ఊరివారికి మిగలదు.

మన సంస్థల వంతు కర్తవ్యం ఒకటున్నది. బందరు చరిత్రకు మూలాలు పారశీకంలో, డచ్చిలో, ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు చదువరికి అందినది వాటిలో స్వల్పం. హదీఖతుస్సలాతీన్ వంటి గ్రంథాలలో తీరానికి సంబంధించిన ప్రకరణాలనైనా సటీకంగా తెలుగులోకి తేవడం పారశీకం చదివిన మన మదరసా పట్టభద్రులకు అసాధ్యం కాదు. పాత మసీదులలో, ఖబరస్తాన్‌లలో ఉన్న శాసనాల నకళ్ళు తీయడానికి పెద్ద ఖర్చు కూడ అవసరం లేదు, ఓపిక అవసరం. ఉప్పుగాలికి రాతి అక్షరాలు అరిగిపోతున్నాయి. అవి పూర్తిగా చెరగకముందే ఈ పని జరగాలి.

విహారానికి వెళ్ళేవారిని ఎవరూ వారించనక్కరలేదు. పిల్లలు నీటిలో ఆడుకోవాలి, పెద్దలు గాలి పీల్చుకోవాలి. అలసిన మనసుకు విశ్రాంతి అల్లాహ్ ప్రసాదించిన వరమే. అయితే మంగినపూడి ఒడ్డున నిలిచినప్పుడు ఒక్కసారి తూర్పు దిక్కుగా చూచి, ఈ నీటిమీదనే జనవరి గాలికి ఎందరో హాజీలు సాగిపోయారనీ, ఈ నీరే ఒక నవంబరు రాత్రి ఊరి మీదికి నడిచి వచ్చిందనీ పిల్లలకు చెప్పడం తల్లిదండ్రుల బాధ్యత. ఆ రెండు మాటలు తెలిసిన పిల్లవాడు బందరు అనే పేరును ఇకమీదట ఊరికే పలకడు.